బ్యాటరీ మార్చుటయా, బండి మార్చుటయా?

కావలి మొదలుకొని మైపాడు, కృష్ణపట్నముల మీదుగా కోట, వాకాడుల వరకు సముద్రము వెంబడి సాగు నెల్లూరు సీమలో విద్యుత్కారు కొన్నవారు, పెట్రోలు బంకు ముఖము చూడనక్కరలేని కొన్నియేండ్ల సుఖమును అనుభవించిన పిమ్మట, నేడో రేపో ఎదుర్కొనక తప్పని ప్రశ్న ఒకటి గలదు. బ్యాటరీ పోయినచో కొత్తది వేయించుటయా, లేక బండినే వదలుకొనుటయా? టాటా వారి నెక్సాన్ ఈవీయు, ఎం.జి. వారి జడ్.ఎస్. ఈవీయు మన విపణిలో అడుగిడినది 2020 జనవరిలో. నెక్సాన్ బ్యాటరీకి ఆనాడిచ్చిన వారంటీ 8 సంవత్సరములు, లేదా 1,60,000 కిలోమీటర్లు, వీనిలో ఏది ముందు పూర్తియైనచో అది. ఆ తొలి బండ్ల వారంటీ 2028 ఆరంభముతో ముగియనున్నది. టాక్సీలుగా విశ్రాంతి లేక తిరిగిన బండ్లకు అంతకు ముందే ముగియును.

ఈ విషయమున ఉచిత సలహాలకు కొదవలేదు. బ్యాటరీ పోయెనా బండి పోయినట్లే యని కొందరందురు. కొత్త బ్యాటరీ వేసినచో బండి కొత్తదైనట్లే యని మరికొందరందురు. ఈ రెండు మాటలలో ఏది నమ్మినను నష్టమే. బ్యాటరీ సంగతిని తేల్చునవి నా యెరుకలో రెండు: బండి దేహము ఇంక నెన్నాళ్లు నిలుచుననునది యొకటి, ఆ యింటివారు ఏటేట ఎంత దూరము తిరుగుదురనునది మరొకటి. ఈ రెండును విచారింపక, సర్వీస్ సెంటరువారు చెప్పిన బ్యాటరీ ధర ఒక్కటే చెవినబడి గుండె జారినవారు మంచి బండిని తెగనమ్ముకొనుటయు, దానినే విని తెగించినవారు తుప్పుపట్టిన బండిపై లక్షలు గుమ్మరించుటయు రెండును అన్యాయములే.

ప్రశ్న కొత్తది కాదు. 2001 లో బెంగుళూరున చేతన్ మైనీగారి సంస్థ విడుదల చేసిన రేవా యను చిన్న విద్యుత్కారులో 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది వరుసగా కూర్చబడి 48 వోల్టులిచ్చెడివి. అవి కొన్నియేండ్లలోనే నీరసించునని కొన్నవారికి ముందే తెలియును. కాలము వచ్చినప్పుడు టైర్లు మార్పించుకొనినట్లే వానినిన్ని మార్పించుకొనెడివారు. ఆ సంస్థను 2010 లో మహీంద్రావారు స్వీకరించి, 2013 లో ఈటూఓ అను లిథియం బండిని తెచ్చిరి. లిథియంతో బ్యాటరీ ఆయువు పెరిగినది, బరువు తగ్గినది. అయితే బండి ధరలో అధికభాగము బ్యాటరీ ధరయే యగుటచే, మార్పిడి అనునది సాధారణ మరమ్మతు స్థాయి దాటి, కుటుంబమంతయు కూర్చుండి ఆలోచింపవలసిన వ్యవహారమైనది.

మన సీమకు మిక్కిలి పనికివచ్చు దృష్టాంతము అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున జరిగినది. నిస్సాన్ కంపెనీవారి లీఫ్ అను కారు 2010 డిసెంబరులో అమ్మకమునకు వచ్చెను. అందు 24 యూనిట్ల విద్యుత్తు పట్టు బ్యాటరీ. దానిలో 48 మాడ్యూళ్లు, ఒక్కొక్క మాడ్యూలునందు 4 సెల్లులు, వెరసి 192 సెల్లులు. వానిని చల్లబరచుటకు ప్రత్యేకమైన ఏర్పాటేదియు లేదు. చల్లని ప్రాంతములలో ఈ బండ్లు నిక్షేపముగ నడచుచుండగా, ఎడారి యెండలు కాయు ఫీనిక్స్ నగరములో మాత్రము రెండేండ్లు నిండకమునుపే, అనగా 2012 నాటికే, బ్యాటరీ సత్తువ తరిగిపోయినదని యజమానులు గగ్గోలు పెట్టిరి. కంపెనీవారు విచారణ జరిపి, బ్యాటరీ సామర్థ్యము ఇంతకన్న తగ్గినచో మేము బాధ్యులమని హామీ నీయక తప్పినది కాదు. తరువాత వేడిమికి మరింత ఓర్చునట్లు సెల్లులలోని రసాయనమును సవరించిరి. 2014 లో, పాత బ్యాటరీని తిరిగి ఇచ్చు నియమముపై కొత్త బ్యాటరీ ధర 5,499 డాలర్లని ప్రకటించిరి. విద్యుత్కారు కొన్నవారికి బ్యాటరీ వెల ముందుగా బహిరంగముగ తెలిసిన అరుదైన సందర్భములలో ఇది యొకటి. నేడును మన దేశమున ప్రతి కంపెనీ చేయదగిన పని యిదియే యని నా దృఢాభిప్రాయము.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారనుట ఊరక కాదు. నెల్లూరు వేసవి యెట్టిదో నెల్లూరివారికి చెప్పనక్కరలేదు. లిథియం సెల్లులో ఋణధ్రువముగా నున్న గ్రాఫైటు రేకు మీద తొలి ఛార్జింగులోనే పలుచని పొర యొకటి ఏర్పడును. అది సెల్లుకు రక్షణయే. అయితే ఆ పొర ఏండ్ల తరబడి దళసరి యగుచు, విద్యుత్తును మోయవలసిన లిథియంను కొంచెము కొంచెముగ తనలో బంధించివేయును. బండి నడచినను నడవకున్నను ఈ పని ఆగదు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడును ఇట్టి రసాయన చర్యల వేగము సుమారుగ రెట్టింపగునని స్థూలమైన లెక్క. మే నెల మిట్టమధ్యాహ్నము, పూర్తిగా ఛార్జి చేసిన బండిని చెట్టునీడయైన లేనిచోట నిలిపి ఊరికి పోవుట బ్యాటరీ ఆయువును మనచేతులార కోసివేయుట. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకపు సెల్లులు వేడికి కొంత ఎక్కువగ ఓర్చును; నికెలు, కోబాల్టు కలిసిన రకములు తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తు నిల్వచేసినను వేడిమికి అంతగా తాళవు. తన బండిలో నున్నది ఏ రకమో ప్రతి యజమానియు తెలిసికొని యుండవలెను, ఏలయన మార్పిడి వేళ దాని ధరయు, పాతదాని విలువయు దానినిబట్టియే యుండును.

బ్యాటరీని కాచుకొను తీరు నేర్చుకొనుటకు దూరము పోనక్కరలేదు; ఈ తీరముననే శ్రీహరికోట గలదు. అచ్చటనుండి నింగి కెగసి, భూమికి దగ్గరగ తిరుగు ఉపగ్రహములు దినమునకు 14, 15 పర్యాయములు భూమిని చుట్టి, చుట్టిన ప్రతిసారియు చీకటిలోనికి పోయి బ్యాటరీపై ఆధారపడి, మరల వెలుగులోనికి వచ్చి ఛార్జి చేసికొనును. అనగా ఏటికి 5,000 పైచిలుకు పర్యాయములు. అంత పని చేసియు ఆ లిథియం బ్యాటరీలు ఏండ్ల తరబడి నిలుచుటకు రహస్యము రెండు జాగ్రత్తలలో నున్నది: వేడిని హద్దులో నుంచుట, లోతుగా ఖాళీ కానీయకుండుట. ఇస్రో వారు తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయ్ కేంద్రమున రూపొందించిన ఈ సెల్లుల విద్యను 2018 లో, ఒక్కొక్క సంస్థకు కోటి రూపాయల రుసుముపై, భారతీయ పరిశ్రమలకు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. కొత్త బ్యాటరీ వేయించిన వారు ఈ రెండు జాగ్రత్తలను పాటించిరేని, రెండవ బ్యాటరీ మొదటిదానికన్న ఎక్కువకాలము మన్నుటకు అవకాశము గలదు.

ఇక అసలు సంగతికి వత్తము. "బ్యాటరీ పోయినది" అను మాటకు అర్థములనేకము. విద్యుత్కారులో పెద్ద బ్యాటరీ కాక, దీపములను, తాళములను, కంప్యూటరును మేల్కొలుపు 12 వోల్టుల చిన్న బ్యాటరీ మరొకటి యుండును. అది చచ్చినచో పెద్ద బ్యాటరీ నిండుగ నున్నను బండి కదలదు. తెరపై భయంకరమైన హెచ్చరికలు వెలుగును. దానిని మార్చుటకు కొన్నివేల రూపాయలు చాలును. అట్లే ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలలో నిల్వ తగ్గుచున్నను వోల్టేజి చాలసేపు మారకుండుటచే, బండిలోని కంప్యూటరు లెక్క తప్పి, ముప్పది శాతమున్నదని చూపుచునే బండిని నిలిపివేయుట కద్దు. నెమ్మదిగా నూరు శాతము వరకు ఛార్జి చేసి సెల్లులను సమము కానిచ్చినచో అది తరచు సర్దుకొనును. ఈ రెండింటిని పరీక్షింపక లక్షల రూపాయల అంచనా కాగితము చేతబట్టుకొనరాదు.

వీనిని దాటిన పిమ్మట బండిని లిఫ్టుపై కెత్తి, కిందనుండి పెద్ద బ్యాటరీ ప్యాకును దింపవలయును. నారింజ రంగు తొడుగు గల తీగలు దాని గుర్తు. మనిషి ప్రాణము తీయగల వోల్టేజి వానిలో నుండును గనుక ఇది ఇంటివద్ద స్క్రూడ్రైవరుతో చేయు పని కాదు. మూత విప్పినప్పుడు లోపల సెల్లులు ఇటుకలు పేర్చినట్లు వరుసలు తీరియుండును. 3.2 వోల్టుల సెల్లులు వరుసగా నూరు చేర్చినగాని 320 వోల్టులు రావు. వరుసగా చేర్చినందున నూటిలో ఒక్కటి నీరసించినను, తక్కిన తొంబది తొమ్మిదియు దాని పాటునకే తగ్గి నడువవలెను. రబ్బరు తొడుగులు ధరించిన మెకానిక్కు మీటరు మొనలను ఒక్కొక్క సెల్లుకు ఆనించుచు పోవును: 3.28, 3.28, 3.27, 3.28, ఉన్నట్లుండి 2.41. పక్కన నిలుచున్న యజమాని, "మొత్తం పోయినట్టేనా అన్నా?" యని అడుగును. "మొత్తం పోలా సార్, ఈ ఒక్కటే దిగిపోయుండాది. ఇక్కడ చూడండి, ఈ కనెక్టరుకి కిలుం పట్టుండాది" అని అతడు లైటు వేసి చూపును. రాగి పట్టీ అంచున పచ్చగ, పిండివలె పేరుకొన్న ఆ కిలుము నెల్లూరు తీరపు గాలి వ్రాసిన సంతకము. ఇట్టి చోట వలయునది ఒక మాడ్యూలు మార్పిడి, కనెక్టర్ల శుద్ధి మాత్రమే. తక్కిన సెల్లులన్నియు సమానముగా ముసలివైపోయి, మీటరు అంకెలు బాగుగనే యున్నను నిల్వసామర్థ్యము సగమునకు పడిపోయినచో మాత్రము, ఒక మాడ్యూలు మార్చుట వ్యర్థము. ముసలి గుంపులో చేర్చిన కొత్త సెల్లు వానికి లోబడియే నడచును, కొన్ని నెలలకు మరొకటి దిగిపోవును. అందుచే, ఏ సెల్లు వోల్టేజి యెంత, మొత్తము సామర్థ్యము కొత్తనాటితో పోల్చిన నెంత శాతము అను రెండు సంగతులు వ్రాతపూర్వకముగ చేతికి వచ్చువరకు ఎవరికిని సొమ్ము చెల్లింపరాదు.

ఉప్పు గాలి బ్యాటరీని వదలినను బండిని వదలదు. ఇస్కపల్లి ఉప్పు కొఠారుల చెంత కాపురమున్నవారి యిండ్లలో కిటికీ ఊచలు ఎట్లు రేకులు రేకులుగ ఊడునో చూచినవారికి ఇది బోధపరచనక్కరలేదు. ఇంజను లేదు గనుక విద్యుత్కారు అరుగదని కొందరి భ్రమ. మోటారు నిజముగనే చాలకాలము మన్నును. అడుగుభాగపు ఇనుము, సస్పెన్షను చేతులు, బ్రేకు గొట్టములు, బ్యాటరీ ప్యాకును మోయు బ్రాకెట్టులు మాత్రము ఇతర బండ్లవలెనే తుప్పు తినును. పైగా విద్యుత్కారులో వేగము తగ్గించు పనిని మోటారే చేయుటచే బ్రేకులు తక్కువగ వాడబడి, వాడకములేని డిస్కులు ఉప్పుగాలికి మరింత త్వరగ తుప్పుపట్టును. కావున బ్యాటరీ ప్యాకు కిందికి దింపినప్పుడే, మరల అంత సులభముగ కనబడని ఆ అడుగుభాగమును సుత్తితో తట్టి చూపుమని మెకానిక్కును కోరవలయును. ప్యాకు బిగించుచోట ఇనుము పొరలుగ లేచినచో, ఆ బండికి కొత్త బ్యాటరీ వేయరాదని నిష్కర్షగ చెప్పుదును. సర్వీస్ సెంటరువారెవరును ఈ తనిఖీని తమంత తాముగా చేయరు; అడిగి చేయించుకొనవలెను.

వరదనీరు సోకిన బండి కథ వేరు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడును, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానునాడును ఈ జిల్లాలో ఊళ్లకు ఊళ్లే నీట నానినవి. ప్యాకులోనికి నీరు, ముఖ్యముగ ఉప్పునీరు, చొరబడినచో ఆరిన తరువాత కూడ లోపల ఉప్పు మిగిలి, రోజులకో వారములకో నిప్పంటుకొనవచ్చును. 2022 లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపాను పిమ్మట అట్లు జరిగినది. అట్టి బండిని ఇంటికి, ఇతర వాహనములకు దూరముగ నిలిపి, ఇన్‌స్యూరెన్సువారికి కబురుచేయుట తప్ప, బాగుచేయించు ఆలోచన పెట్టుకొనరాదు.

దేహము గట్టిగ నున్నదని తేలినచో, అప్పుడు లెక్క వేయవలయును. ప్రపంచమందలి బ్యాటరీ ప్యాకుల సగటు ధర 2010 లో యూనిట్ సామర్థ్యమునకు 1,000 డాలర్లకు మించియుండగా, 2024 నాటికి 115 డాలర్లకు దిగివచ్చినది; అనగా మన రూపాయలలో సుమారు పదివేలు. 30 యూనిట్ల ప్యాకుకు ఈ లెక్కన మూడు లక్షలగును. అయితే ఇది కర్మాగారములు టోకుగ కొను ధర. 18 శాతము జీఎస్టీ, రవాణా, కంపెనీ లాభము, కూలి చేరినప్పుడు అయిదు లక్షలనుకొందము. కొత్త విద్యుత్కారుపై జీఎస్టీ 5 శాతము మాత్రమే యుండగా, పాతకారును బ్రతికించు బ్యాటరీపై 18 శాతముండుట నాకు బొత్తిగ సమంజసముగ తోచదు. ఉన్న బండిని నిలుపుకొనువానిని కూడ ప్రోత్సహించుట న్యాయము.

లీటరు పెట్రోలు 110 రూపాయలనియు, పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు పోవుననియు అనుకొన్నచో కిలోమీటరుకు ఏడు రూపాయలకు పైన. విద్యుత్కారు యూనిట్టుకు 7 కిలోమీటర్లు పోయి, ఇంటి కరెంటు యూనిట్టు 8 రూపాయలైనచో కిలోమీటరుకు రూపాయి పావలాకు లోపల. తేడా ఆరు రూపాయలు. ఏటికి 12,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు 72,000 రూపాయలు మిగులును. అయిదు లక్షలు తిరిగివచ్చుటకు ఏడేండ్లు. నెల్లూరునుండి తిరుపతికిని చెన్నైకిని ఏటికి 40,000 కిలోమీటర్లు నడుచు టాక్సీకి ఏటికి రెండు లక్షల నలుబది వేలు; రెండేండ్లకు కొంచెము పైబడి సొమ్ము చేతికి వచ్చును. వారమునకొకమారు మైపాడు సముద్రస్నానమునకు, పండుగలకు పుట్టింటికి, ఏటికి 5,000 కిలోమీటర్లు మాత్రము తిరుగు ఇంటికి పదునారేండ్లు దాటినగాని తీరదు; అంతకాలము ఆ ఇనుము నిలువదు. మొదట బండికి ఎంత పోసితిమను అంకెకు ఈ లెక్కలో చోటులేదు. పోసినది పోయినది. ఎదుట పెట్టి పోల్చవలసినది, ఈ బండిని ఉన్న స్థితిలో అమ్మి అదే అవసరమునకు మరొకటి కొన్నచో చేతినుండి పడు సొమ్ము.

సత్తువ తగ్గిన బ్యాటరీ అందరికిని పనికిమాలినది కానేరదు. ఒకప్పుడు 200 కిలోమీటర్లు పోయి ఇప్పుడు 80 మాత్రము పోవు బండి, తిరుపతికి పోవలసినవానికి భారమే. పెన్నకు ఆవల కోవూరునుండి నెల్లూరికి ప్రతిదినము వచ్చిపోవు గుమాస్తాకు అది చాలినంత బండి. ఇట్టి స్థితిలో, సామర్థ్యపు కాగితము చూపి, ఉన్నదున్నట్లు చెప్పి, తగ్గిన ధరకు అమ్మివేయుట ఇద్దరికిని మేలు. ఈటూఓ వంటి ఉత్పత్తి నిలిచిన బండ్లకు కంపెనీ ప్యాకు దొరకుట దుర్లభము. తక్కువ వోల్టేజి గల అట్టి బండ్లకు బయటి లిథియం షెడ్డులలో ప్యాకు కట్టించుకొనుట కద్దు. సెల్లులు ఎచ్చటివి, వారంటీ ఎవరిది, బండిలోని కంప్యూటరు వానిని అంగీకరించునా, నిప్పంటుకొన్నచో ఇన్‌స్యూరెన్సువారు చెల్లింతురా అను నాలుగు ప్రశ్నలకు లిఖితముగ సమాధానము రానిచోట దానికి పూనుకొనరాదు.

పాత ప్యాకు విషయమున మనవారు మోసపోవుచున్నారని నాకు గట్టిగ అనిపించును. సగము సత్తువ మిగిలిన 30 యూనిట్ల ప్యాకులో ఇంకను 15 యూనిట్ల పని యున్నది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు ప్రాంతములలో రొయ్యల గుంటలు సాగుచేయువారికి రాత్రివేళ కరెంటు పోయినచో ప్రాణవాయువు తగ్గి రొయ్య చచ్చుననెడి భయము నిద్రపట్టనీయదు. డీజిలు జనరేటరు వేయువరకు గుండె చేతబట్టుకొని యుందురు. గుంటనీటికి గాలి నందించు రెండు హార్స్‌పవర్ ఏరేటరుకు గంటకు యూనిట్టున్నర వ్యయమగునన్న, ఆ ముసలి ప్యాకు ఒక ఏరేటరును పదిగంటలు తిప్పగలదు. మంచి సెల్లులను ఏరి, తగిన రక్షణ పరికరములతో, ఉప్పుగాలి చొరని పెట్టెలో తిరిగి కట్టగల పనివారు మనకింకను విరివిగ లేరు, వలయును. కరకంబాడిలో బ్యాటరీలు చేయుచున్న అమర రాజా వారు మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో లిథియం కర్మాగారమునకు 2023 లో శంకుస్థాపన చేసిరి. అట్టి సంస్థలు కొత్త సెల్లులతోపాటు పాతవానికి రెండవ జన్మనిచ్చు షెడ్డులకును పనివారిని తయారుచేసిన, ఈ తీరము వారికి మంచి విపణి కాగలదు.

2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము, పాత బ్యాటరీని సేకరించి శుద్ధికి పంపవలసిన బాధ్యత తయారుచేసిన, దిగుమతి చేసిన కంపెనీలదే; చెత్తలో పారవేయుట నిషిద్ధము. కొత్త ప్యాకుకు బేరమాడునప్పుడు, పాతదానికి ఎంత తగ్గింతురని అడుగవలెను. నికెలు, కోబాల్టు కలిసినదైనచో లోహమునకే విలువ యుండును. ఐరన్ ఫాస్ఫేటుకు లోహపు విలువ స్వల్పము, మిగిలిన సత్తువకే విలువ. బిల్లులో కొత్త ప్యాకు సంఖ్య, తయారైన నెల, వారంటీ ఎన్ని యేండ్లు, ఎంత శాతము సామర్థ్యమునకు, బండి అమ్మినచో అది కొన్నవారికి చెల్లునా లేదా అనునవి వ్రాయించుకొని, పాత ప్యాకు తగ్గింపును వేరొక వరుసలో చూపించుకొని, అప్పుడు సంతకము చేయవలయును.